మా కారు కారిన కథ

వార్షిక సంచికకు ఏదైనా రాసిమ్మని యూనియన్ కార్యదర్శి అడిగినపుడు, "కవిత్వం నా వల్ల కాదు, యువత బాధ్యతల మీద రాసేవాళ్ళు ఇప్పటికే నలుగురున్నారు, నన్ను వదిలెయ్యి" అన్నాను. "పోనీ నీకు బాగా తెలిసిన విషయమేదైనా రాయి" అన్నాడు. నాకు బాగా తెలిసినది బహు స్వల్పం. అందులోనూ పుస్తకం చదివి తెలుసుకున్నది కొంత, చేతులు కాల్చుకుని తెలుసుకున్నది కొంత. ఈ వ్యాసం రెండో రకానిది.

విషయమేమిటంటే, కారులో పవర్ స్టీరింగు ఆయిలు కారిపోతూ ఉంటే అది ఎక్కడ కారుతోందో ఇంటి దగ్గర ఎలా కనిపెట్టాలి, ఎంతవరకు మన చేతులతో బాగు చేసుకోవచ్చు, ఎక్కడ ఆగిపోయి మెకానిక్కుకు అప్పగించాలి అన్నది. మెకానికల్ బ్రాంచి మిత్రులకు ఇందులో కొత్త సంగతులు లేకపోవచ్చు. నేనూ ఆ బ్రాంచి వాణ్ణే. హైడ్రాలిక్స్‌లో నాకు వచ్చినవి మంచి మార్కులే. అయినప్పటికీ నేను చేసిన నిర్వాకం వింటే తక్కిన బ్రాంచిల వాళ్ళు కడుపుబ్బ నవ్వుకోవచ్చు.

మాది అంబాజీపేట దగ్గర ఒక పల్లె. నాన్న అద్దెకారు నడుపుతారు. ఇరవై ఏళ్ళ క్రితం మన వైపు ట్యాక్సీలుగా విరివిగా తిరిగిన చిన్న డీజిల్ కార్లలో అదొకటి. కంపెనీ పేరు మనకెందుకు? ఇల్లు గడిచేదీ, నా హాస్టలు బిల్లు కట్టేదీ దాని మీదే. సంక్రాంతి నాలుగు రోజులూ దానికి క్షణం తీరిక ఉండదు. హైదరాబాదు నుంచి వచ్చే అల్లుళ్ళను రాజమండ్రి స్టేషనులో ఎక్కించుకు రావడం, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి జనాన్ని చేరవేయడం, ఇలా ఆ వారం వచ్చే డబ్బు మామూలు నెలరోజుల రాబడితో సమానం.

క్రిందటి సంక్రాంతి సెలవులకు నేను ఇంటికి వెళ్ళేసరికి కారు స్టీరింగు తిప్పినప్పుడల్లా కుయ్యోమని మూలుగుతోంది. "వారానికోసారి కాస్త ఆయిలు పోస్తున్నాన్రా, పండగ వెళ్ళేక చూద్దాం" అన్నారు నాన్న. ఆయనకు కుడి భుజం పట్టేసి ఏడాదయింది. చెయ్యి పైకెత్తలేరు. పవర్ స్టీరింగు ఉండబట్టే ఇంకా బండి నడపగలుగుతున్నారు.

భోగికి మూడు రోజుల ముందు ఎదురింటి మామ్మగారిని కాకినాడ ఆసుపత్రిలో చూపించుకురావాల్సి వచ్చింది. నేనూ తోడు వెళ్ళాను. అమలాపురం, ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక వంతెన దాటి యానాం మీద నుంచి వెళ్ళడం బాగానే జరిగింది. తిరుగు ప్రయాణంలో యానాం దాటాక మూలుగు కాస్తా అరుపయింది. ముమ్మిడివరంలో టీకొట్టు దగ్గర ఆపారు. నాన్న టీ తాగుతుండగా నేను బానెట్టు ఎత్తి చూస్తే స్టీరింగు ఆయిలు డబ్బాలో అడుగున ఒక మరక మాత్రం ఉంది. డిక్కీలో వెతికితే చిన్న సీసా ఒకటి దొరికింది. దాని మీద బ్రేకు ఆయిలు అని రాసి ఉంది. నేను ఇంజనీరును గదా! 'పాస్కల్ సూత్రానికి ద్రవం ఏదైతేనేం, రెండూ హైడ్రాలిక్ ద్రవాలే కదా' అనుకున్నాను. సీసాలో ఉన్న నూరు మిల్లీలీటర్ల చిల్లరా ఒంపేసి, మూత బిగించి, చేతులు తుడుచుకుని వచ్చి టీ తాగాను. నాన్నతో చెప్పలేదు. చెప్పేంత ఘనకార్యమని తోచలేదు.

ఇంటికి రెండు కిలోమీటర్ల దూరంలో కాలువగట్టు మీద మలుపు ఒకటుంది. మన కాలువగట్లు తెలిసిన వారికి వివరించనక్కరలేదు. ఒక ప్రక్క నీళ్ళు, రెండో ప్రక్క కొబ్బరితోట, మధ్యలో బండి పట్టేంత దారి. సరిగ్గా ఆ మలుపు దగ్గర స్టీరింగు రాయిలా బిగుసుకుపోయింది. నాన్న కుడిచెయ్యి లేవలేదు. "పట్టుకోరా!" అన్న కేక విని నేను ప్రక్కసీటు లోంచి వంగి చక్రం పట్టుకుని లాగాను. ముందు చక్రం గట్టు అంచున ఆగింది. వెనక సీటులో మామ్మగారు గోవిందా గోవిందా అంటున్నారు. మిగతా దూరం ఇద్దరం చెరోవైపు చక్రం పట్టుకుని, నడిచే మనిషికన్నా నెమ్మదిగా ఇల్లు చేరాం.

ఇక్కడ కథ ఆపి కాస్త పాఠం చెప్పుకుందాం. స్టీరింగు బిగుసుకుపోయిందన్నాను గాని, నిజానికి అది పూర్తిగా పట్టేయదు. చక్రానికీ స్టీరింగుకూ ఇనుప సంబంధం ఎప్పుడూ ఉంటుంది. ఆయిలు సాయం పోతే మన కండబలం ఒక్కటే మిగులుతుంది, అంతే. కాని సాయానికి అలవాటుపడ్డ చేతికి ఆ తేడా కొండంత.

ఆ సాయం ఎలా వస్తుందంటారా? ఇంజను తిరుగుతుంటే బెల్టు ద్వారా ఒక చిన్న పంపు తిరుగుతుంది. అది డబ్బాలోని ఆయిలును పీల్చి, గట్టి పైపు గుండా స్టీరింగు ర్యాకు దగ్గరున్న వాల్వుకు తోస్తుంది. మన పంటబోదె దగ్గర తూము ఎలాగో ఈ వాల్వు అలాగ. రైతు తూము ఎటు తెరిస్తే నీరు అటు చేలోకి పోతుంది. మనం స్టీరింగు ఎటు తిప్పితే ఆయిలు ర్యాకులో పిస్టనుకు అటు ప్రక్కన చేరి తోస్తుంది. మనం ఎటు తిప్పుతున్నామో వాల్వుకు తెలియడానికి స్టీరింగు కడ్డీలో ఒక సన్నని ఉక్కు ముక్క ఉంటుంది. టోర్షన్ బార్ అంటారు. చేతి బలానికి అది రవ్వంత మెలితిరుగుతుంది. ఆ మెలికే వాల్వు తెరుచుకుంటుంది. మనం తిప్పడం ఆపితే అది యథాస్థితికి వస్తుంది, తోపుడు ఆగుతుంది. పని అయిపోయిన ఆయిలు మెత్తటి రబ్బరు పైపు గుండా మళ్ళీ డబ్బాలోకి వచ్చిపడుతుంది. అంటే వెళ్ళే పైపులో ఒత్తిడి ఎక్కువ, వచ్చే పైపులో తక్కువ. ఈ ఒక్క ముక్కా గుర్తుంచుకోండి, ముందు ముందు అవసరపడుతుంది.

ఒత్తిడి ఎక్కువంటే ఎంత? కారు టైరులో గాలి రెండు బారులకు కాస్త అటూ ఇటూ. స్టీరింగును చివరికంటా తిప్పి పట్టుకుంటే పంపు దగ్గర 70, 80 బారులు, కొన్ని బండ్లలో నూరు కూడా దాటుతుంది. లెక్కకు సగటున 50 బారులు అనుకోండి. అంటే చదరపు సెంటీమీటరుకు 500 న్యూటన్లు. పిస్టను వైశాల్యం 8 చదరపు సెంటీమీటర్లయితే 4,000 న్యూటన్లు, దాదాపు 400 కిలోల బరువు. డెబ్బై అయిదు కిలోల ధాన్యం బస్తాలు అయిదు పైచిలుకు మన బదులు చక్రాలను తోస్తున్నాయన్నమాట. నాన్న భుజానికి ఆ అయిదు బస్తాలే ఆధారం.

ఈ ఏర్పాటు కనిపెట్టినవాడు అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు. పియర్స్-యారో కంపెనీ లారీల విభాగంలో పనిచేస్తూ, పెద్ద లారీల స్టీరింగు తిప్పలేక డ్రైవర్లు పడే అవస్థ చూసి దీని మీద పడ్డాడు. 1926లో కారుకు అమర్చి చూపించాడు. కాని ఖర్చు ఎక్కువవుతుందని కార్ల కంపెనీలు చాలాకాలం పక్కన పెట్టాయి. రెండో ప్రపంచ యుద్ధంలో సైనిక వాహనాలకు పనికొచ్చింది. మామూలుగా జనం కొనే కారులో వచ్చింది 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్‌కు. పాతికేళ్ళు ఓపికగా కూర్చున్నాడు మహానుభావుడు. తర్వాత 1988లో జపానులో సుజుకీ సెర్వోకు విద్యుత్ మోటారుతో సాయపడే స్టీరింగు వచ్చింది. ఈనాటి చిన్న కార్లలో చాలావాటికి అదే. వాటిలో ఆయిలే ఉండదు గనుక కారేదీ లేదు. మీ ఇంట్లో కారు ఆ రకానిదైతే ఈ వ్యాసం మీకు కాలక్షేపం మాత్రమే.

సరే, మర్నాడు పొద్దున్నే కారును గ్యారేజీకి చేర్చాం. కుర్రవాడు క్రిందకు దూరి, టార్చి వేసి చూసి, ర్యాకు చివరనున్న రబ్బరు తొడుగు నుంచి చుక్కలు పడుతున్నాయని చెప్పాడు. ర్యాకు మొత్తం మార్చాలి, పాతదే దొరికినా పద్నాలుగు వేలవుతుంది, అదీ పండగ వెళ్ళాకే అన్నాడు. నాన్న ఏమీ అనలేదు. ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని పండగ బుకింగులు రాసుకున్న చీటీ తీసి చూసుకుంటూ ఉండిపోయారు. నాకు అన్నం సయించలేదు. బ్రేకు ఆయిలు పోసింది నేనే గదా, దానివల్లే ర్యాకు పోయిందేమోనని లోపల పీకుతోంది. గూగుల్‌లో వెతికాను. వెతకడం వల్ల భయం రెట్టింపయింది. బ్రేకు ఆయిలు గ్లైకాలు జాతిది. స్టీరింగు ఆయిలు పెట్రోలియం నూనె జాతిది. స్టీరింగులోని సీళ్ళు నైట్రైల్ రబ్బరువి. గ్లైకాలు ద్రవం తగిలితే అవి ఉబ్బి, మెత్తబడి పాడవుతాయి. బ్రేకుల్లో రబ్బరు వేరు. దానికి నూనె తగిలినా ఇదే గతి. పాస్కల్‌కు ద్రవం ఏదైనా ఒకటేనేమో గాని రబ్బరుకు కాదు. మా సిలబస్‌లో ఈ ముక్క ఉందో లేదో మరి, ఉంటే నేను ఆ రోజు క్లాసుకు వెళ్ళి ఉండను.

మధ్యాహ్నం మావయ్య వచ్చాడు. అమ్మకు తమ్ముడు. రైసుమిల్లులో ఇరవై ఏళ్ళుగా ఫిట్టరు. చదివింది ఎనిమిదో తరగతి. బానెట్టు ఎత్తి అయిదు నిముషాలు ఏమీ ముట్టుకోకుండా చూశాడు.

"గ్యారేజీవోడు కడిగేడా?" అన్నాడు.

"లేదు మావయ్యా."

"కడక్కుండా కారేదెక్కడో ఆడికెలా తెలిసిందిరా? నూనె కారేది ఓ చోటా, చుక్క పడేది ఓ చోటాను. పైన కారితే కిందకి దిగుతాది, బండి నడిస్తే గాలికి ఎనక్కి పోతాది. తడిసిన వాటిల్లో అన్నిటికన్నా పైదీ, ముందుదీ ఏదో అది చూడాల."

నేను నాలుగేళ్ళ చదువులో విన్న వాక్యాల్లో ఇంత ఉపయోగపడింది మరొకటి లేదు.

అందుచేత మేము చేసిన మొదటి పని కడగడం. ఇంజను పూర్తిగా చల్లారనిచ్చి, బ్యాటరీ తీగ విప్పి, పాత బ్రష్షుతో సబ్బునీళ్ళు పట్టించి పంపు, పైపులు, ర్యాకు అన్నీ తోమాం. జిడ్డు మొండికేసిన చోట గుడ్డకు కాస్త కిరసనాయిలు అద్ది తుడిచాం. వేడి ఇంజను మీద కిరసనాయిలు వాడరాదని వేరే చెప్పాలా? అసలు స్టీరింగు ఆయిలే వేడి సైలెన్సరు పైపు మీద పడితే అంటుకునే ప్రమాదం ఉంది. మావయ్య ఆ మాట చెబుతూ, "కారేదాన్ని చూసీచూడనట్టు వదిలేత్తే ఏటవుద్దో మనోళ్ళకి చెప్పాలేట్రా" అన్నాడు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గ్యాసు గొట్టం పేలిన రోజు సంగతి ఆయన మనసులో ఉంది. మిల్లులో ఆయనతో కలిసి పనిచేసిన ఒకాయన చుట్టాలు అందులో పోయారు. మేమిద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.

కడిగి ఆరాక డబ్బా నింపాలి. మూత తిప్పుతూ మొదటిసారి దాని మీద ఉబ్బెత్తుగా ఉన్న ఇంగ్లీషు అక్షరాలు చదివాను. ఫలానా రకం ఏటీఎఫ్ మాత్రమే వాడవలెను అని స్పష్టంగా ఉంది. ఏటీఎఫ్ అంటే ఆటోమేటిక్ గేరు బండ్ల కోసం తయారైన ఎర్రటి ఆయిలు. చాలా కార్లలో స్టీరింగుకూ అదే పోస్తారు. కొన్ని కంపెనీలు తమదే ప్రత్యేకమైన ఆయిలు వాడమంటాయి. అందుచేత మూత మీదో, బండితో ఇచ్చిన పుస్తకంలోనో చదివి గాని ఏదీ పోయకండి. నాలా కాకండి.

నాన్న దగ్గర మిగిలిన ఎర్ర ఆయిలు పోసి, కారు క్రింద ఈనాడు పేపర్లు నాలుగు పరిచి, ఇంజను స్టార్టు చేయించి స్టీరింగు అటూ ఇటూ తిప్పించాం. ఈ పేపరు వైద్యం ఎవరైనా చేయవచ్చు. రాత్రి పరిచి ఉదయం చూస్తే ఏ చక్రం దగ్గర చుక్క పడిందో, దాని రంగేమిటో తెలిసిపోతుంది. ఎర్రగానో, పాతబడి ఇటిక రంగులోనో ఉండి పల్చగా జిడ్డుగా ఉంటే స్టీరింగు ఆయిలు. నల్లగా చిక్కగా ఉంటే ఇంజనాయిలు. పచ్చగానో గులాబీగానో ఉండి జిడ్డు తక్కువగా ఉంటే రేడియేటరు నీళ్ళు. లేత పసుపు రంగులో ఏదో ఒక చక్రం దగ్గర పడితే అది బ్రేకు ఆయిలు కావచ్చు, ఆ బండిని కదపవద్దు. ఏమీ రంగులేని నీళ్ళయితే ఏసీ నుంచి, దానికి బెంగక్కరలేదు.

చప్పుడును బట్టి కూడా కొంత చెప్పవచ్చు. తిప్పినప్పుడు మూలుగులా వస్తే పంపు గాలి పీలుస్తోంది, ఆయిలు తక్కువైంది. కీచుమని అరిస్తే బెల్టు జారుతోంది. మా బండిది మూలుగే.

ఇక వెతకడం. అయిదు చోట్ల కారవచ్చు. డబ్బా పగలడం, వచ్చే పైపు, వెళ్ళే పైపు, పంపు ఇరుసు దగ్గర సీలు, ర్యాకు చివరి సీళ్ళు. మావయ్య తిన్నగా గ్యారేజీవాళ్ళు చూపిన రబ్బరు తొడుగు దగ్గరికే వెళ్ళాడు. ముందు చక్రాలు జాకీ మీద లేపి, జాకీని నమ్మకుండా చట్రం క్రింద తాటిదుంగలు పెట్టించాడు. ఇటుకలు పెట్టబోతే తిట్టాడు. ఇటుక బరువుకు చెప్పకుండా చిట్లుతుంది. దొరికితే ఇనుప స్టాండ్లే మేలు. తొడుగు క్లిప్పు ఊడదీసి వేలు పెట్టి చూస్తే లోపల పొడిగా ఉంది! ర్యాకు సీలు పోతే ఆయిలు ముందుగా ఆ తొడుగు లోపలే నిండాలి. లోపల పొడిగా ఉండి బయట తడిగా ఉందంటే అది పైనుంచి జారివచ్చిన ఆయిలు. పద్నాలుగు వేల రూపాయలు ఆ ఒక్క వేలితో మిగిలాయి. నాన్న మొహంలో రక్తం కనబడింది.

అప్పుడు టార్చి పట్టుకుని పైకి ఎక్కుతూ పోయాం. తొడుగు పైన ఇనుప గొట్టం తడి. దానిపైన రబ్బరు పైపు తడి. ఇంకా పైన, డబ్బా ముక్కుకు రబ్బరు పైపు తగిలించిన చోట తడి. ఆ పైన పొడి. అదీ చోటు! వచ్చే పైపు, అంటే ఒత్తిడి తక్కువ ఉండే పైపు. దానికి సైకిలు ట్యూబు పీలిక ఒకటి చుట్టి తాడు కట్టి ఉంది. నాన్న నేల చూపులు చూశారు. నవంబరులో దారిలో కారితే ఆయనే కట్టారట. సైకిలు ట్యూబు నూనెకు ఆగదు, నాని జిగురు జిగురుగా అయిపోతుంది. క్రింద క్లిప్పు తుప్పుపట్టి చేత్తో తాకితేనే రాలింది. మన సముద్రపు గాలికి ఇనుము ఆగదు, అంతర్వేది నుంచి ఓడలరేవు దాకా ఇంటి కిటికీ ఊచలు చూసినా తెలుస్తుంది. బండ్లు మాత్రం ఏం మినహాయింపు?

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పి ముందుకు వెళతాను. ఇంజను నడుస్తుండగా వెళ్ళే పైపును చేత్తో తడిమి చూడకండి. సూదిమొనంత చిల్లు ఉన్నా ఆ ఒత్తిడికి ఆయిలు చర్మాన్ని చీల్చి లోపలికి పోతుంది. పైకి చిన్న గాటులా కనబడి, లోపల కుళ్ళి, వేళ్ళు తీసేయాల్సి వచ్చిన కేసులు వైద్యులకు తెలుసు. అట్టముక్క అడ్డం పెట్టి దాని మీద తడి పడుతోందేమో చూడాలి. అలాగే ఆ పైపు కారితే అతుకులు వేయడం, క్లిప్పులు బిగించడం మన పని కాదు. ఆ పైపు కొత్తది వేయించాల్సిందే. బోల్టు దగ్గర మాత్రమే చెమర్చితే రాగి వాషర్లు మార్చితే సరిపోవచ్చు. పంపు సీలూ, ర్యాకు సీలూ ఇంట్లో జరిగే పనులు కావు. మాది వచ్చే పైపు కావడం మా అదృష్టం.

పాత పైపు ఊడదీసే ముందు డబ్బాలోని ఆయిలును తోడి ఒక గాజుసీసాలో పోశాం. సాయంకాలమయింది. పని రేపటికి వాయిదా వేసి సీసాను అరుగు మీద ఉంచాం. అదే నా కొంప ముంచింది, లేదా నిలబెట్టింది.

పొద్దున్నే మావయ్య సీసాను వెలుతురులో పెట్టి చూస్తున్నాడు. పైన ఎర్రగా ఉంది. అడుగున వేలెడు మందాన లేత పసుపు పొర నిలిచి ఉంది. బ్రేకు ఆయిలు నీటికన్నా కొంచెం బరువు, స్టీరింగు ఆయిలు నీటికన్నా తేలిక. రెండూ కలవవు. రాత్రంతా కదపకుండా ఉంచేసరికి విడివడ్డాయి.

"బావా, ఇందులో నీళ్ళు పోసేవా?" అన్నాడు నాన్నతో.

"నీళ్ళెందుకు పోత్తాను?"

నాకు ఇంక తప్పలేదు. ముమ్మిడివరంలో చేసింది చెప్పేశాను. నాన్న తిడతారనుకున్నాను. ఆయన సీసా తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "కాలవ్వొడ్డున మనకేటైనా అయితే ఇది నాకు తెలిసేదే కాదు" అన్నారు. అంతే. లోపలికి వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది.

మావయ్య అన్నాడు, "స్టీరింగు పట్టేసింది నీ బ్రేకాయిలు వల్ల కాదురా. పోసింది పోసినట్టు కారిపోయింది, పంపు గాలి తాగింది. కాని ఉన్నది లోపల ఉండనిత్తే సీళ్ళు తినేత్తాది. మొత్తం కడిగెయ్యాల."

అమలాపురం వెళ్ళి, పాత పైపు ముక్కను నమూనాగా చూపించి, అదే లోపలి కొలతతో ఆయిలుకు ఆగే రబ్బరు పైపు మూరెడు, స్క్రూ క్లిప్పులు రెండు, ఏటీఎఫ్ మూడు లీటర్లు తెచ్చాం. కొట్టువాడు రేడియేటరు పైపు ఇవ్వబోయాడు. చూడ్డానికి రెండూ నల్లగానే ఉంటాయి. అది నీళ్ళకు చేసింది, నూనెకు ఉబ్బిపోతుంది. అడిగి తీసుకోండి. మొత్తం పద్దెనిమిది వందలు దాటింది. పైపుకూ క్లిప్పులకూ అయింది మూడు వందల లోపే. సరైన ఆయిలు ఒక లీటరుతో సరిపోయేది. మిగతాది నా తప్పుకు చెల్లించిన రుసుము.

కడగడం ఇలా చేశాం. ముందు చక్రాలు గాలిలో ఉన్నాయి. ఇంజను స్టార్టు చేయలేదు. ర్యాకు నుంచి వచ్చే పైపు చివరను ఖాళీ డబ్బాలో పెట్టి, ఆయిలు డబ్బాకున్న ముక్కును బిరడాతో మూశాం. గరాటుతో కొత్త ఆయిలు పోస్తూ ఉంటే నేను స్టీరింగును ఈ చివరి నుంచి ఆ చివరికి మెల్లగా తిప్పాను. తిప్పినప్పుడల్లా పాత ఆయిలు గుక్కలు గుక్కలుగా బయటికి వచ్చింది. ముందు మురికిగా, మబ్బుగా, తర్వాత ఎర్రగా. శుభ్రమైన ఎరుపు వచ్చాక కూడా మావయ్య మరో అరలీటరు పోయించాడు. డబ్బాలో ఆయిలు అడుగంటనివ్వకూడదు, అడుగంటితే గాలి పోతుంది.

బయటికి వచ్చిన ఆయిలును ఏం చేయాలి? ప్రక్కింటి అబ్బాయి కాలువలో పారబోయబోయాడు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి ఈ కాలువల నీళ్ళే మనకు పంటకూ, చాలా ఊళ్ళలో తాగడానికీ. మూత బిగించిన డబ్బాలో పోసి, పాత ఆయిలు కొనే గ్యారేజీకి ఇచ్చాం.

తర్వాత కొత్త పైపు. పాతదానంత పొడవే కోసి, డబ్బా ముక్కు మీది జిడ్డు తుడిచి, ముక్కుకున్న గుబ్బ దాటేదాకా పైపును తోసి, క్లిప్పును ఆ గుబ్బకు అవతల బిగించాం. గుబ్బ మీదే బిగిస్తే జారుతుంది. బలమంతా పెట్టి బిగిస్తే రబ్బరు తెగుతుంది. పైపు మెలిపడకుండా, బెల్టుకూ వేడి గొట్టానికీ తగలకుండా చూసుకోవాలి.

చివరిది గాలి తీయడం. చాలామంది తొందరపడేది ఇక్కడే. గుర్తు వరకు ఆయిలు నింపి, ఇంజను ఆపి ఉండగానే స్టీరింగును పదిహేను, ఇరవైసార్లు ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పాలి. బుడగలు వస్తాయి, మట్టం తగ్గుతుంది, మళ్ళీ పోయాలి. బుడగలు తగ్గాక ఇంజను స్టార్టు చేసి నెమ్మదిగా తిప్పాలి. చివర రెండు మూడు సెకన్ల కన్నా ఎక్కువ పట్టి ఉంచకూడదు, పంపుకు శ్రమ. ఆయిలు నురగ కట్టి పాలతో కలిపినట్టు కనబడితే ఇంజను ఆపి అరగంట ఊరుకోవాలి. మేము రెండుసార్లు ఊరుకున్నాం. మూడోసారికి మూలుగు పోయింది. నాన్న ఒక్క వేలితో స్టీరింగు తిప్పి చూసుకున్నారు, ఎడమచేతి వేలితో కాదు, కుడిచేతి వేలితోనే.

ఆ రాత్రి క్రింద పేపరు పరిచి పడుకున్నాం. భోగి మంట వేయడానికి అందరూ లేచిన వేళకు నేను ముందు కారు దగ్గరికి పోయి టార్చి వేసి చూశాను. పేపరు పొడిగా ఉంది. దాన్ని తీసి భోగిమంటలో వేశాను. ఆ రోజు పొద్దున్న ఏడింటికే నాన్న రాజమండ్రి బయల్దేరారు. పండగ నాలుగు రోజులూ బండి ఆగలేదు.

నా బ్రేకు ఆయిలు రెండు రోజుల పాటు లోపల ఉంది. సీళ్ళకు ఎంత హాని చేసిందో బయటి నుంచి చూస్తే తెలియదు. చేస్తే వెంటనే తెలియదు, నెలల తర్వాత తెలుస్తుంది. కాబట్టి నాన్న నెలకోసారి కారు క్రింద పేపరు పరుస్తారు. మర్నాడు నాకు ఫోను చేసి చెబుతారు. ఫిబ్రవరి నుంచి జూలై దాకా "ఏం లేదురా" అనే చెప్పారు. ఆగస్టులో మాత్రం, "పంపు కింద ఓ చుక్క పడిందిరా, ఎర్రగానే ఉంది, నువ్వు కంగారు పడకు, పరీక్షలు రాసుకో, నువ్వొచ్చేక చూద్దాం" అన్నారు. దసరా సెలవులకు వెళుతున్నాను. మావయ్యకు కబురు పంపాను.